మందు సీసా మీద ఇంగ్లీషు

అనంతపురం వెళ్తున్నానంటే మా తెనాలిలో అందరూ ఒకే ప్రశ్న వేశారు, "అక్కడేముంది చూడటానికి?" అని. పక్కనున్న కొండవీడు కూడా చూడని వాళ్లే ఈ మాట ఎక్కువ అన్నారు. మా ఆడపడుచు ఇంకాస్త ముందుకు పోయి, "వొడియాలు ఎండబెట్టుకోవాలన్నా మన డాబా చాలదూ, అంత దూరం పోవాలా?" అంది. అప్పుడు జవాబు చెప్పే ఓపిక లేక ఊరుకున్నాను. తిరిగి వచ్చాను కనుక ఇప్పుడు చెబుతున్నాను.

నేను పంతుళ్లకు ఇంగ్లీషు బోధన నేర్పే కాలేజీలో పనిచేసి రిటైరయ్యాను. ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినబడని పిల్లలు బళ్లో దాన్ని ఎలా అందుకుంటారో చూడటం నా పని. ఉద్యోగం పోయినా ఆ పిచ్చి పోలేదు. సంచీలో నాలుగు చిన్న కథలున్న కాగితాలు, ఫోనులో గడియారం పెట్టుకుని ఊరూరా బళ్లు తిరుగుతుంటాను. గుత్తిలో ఒక బడికి, బెళుగుప్పలో ఒక బడికి వస్తానని ముందే మాటిచ్చి ఉన్నాను. ఆ ప్రయాణానికి సర్దుకుంటుండగా ఎస్తేరు ఫోన్ చేసింది.

ఎస్తేరు నా దగ్గర చదువుకున్న పిల్ల. ధర్మవరం వైపు మనిషి. ఇప్పుడు ముదిగుబ్బ మండలంలో ఒక పల్లె బడిలో ఇంగ్లీషు చెబుతోంది.

"మేడం, నా క్లాసులో బాగా సదివే పాప ఉండాది, మంజుల. నెల దినాలుగా ఇంగ్లీషు పుస్తకం ముట్టల్యా. నోరే తెరవదు. సోమవారం వాళ్ల నాయన గొర్రెల మందను తోలుకొని కర్నూలు కాలువల కిందికి పోతాండాడు. ఈ తూరి పాపను గూడా తీసకపోతాడంట. పోతే ఇంక బడికి రాదు మేడం."

"ఏమైంది ఆ పిల్లకు?" అన్నాను.

"ఫోన్లో చెప్పేది కాదు. మీరు రండి."

ఎస్తేరు ఎప్పుడూ ఏదీ అడగని మనిషి. శనివారానికి ముదిగుబ్బ చేరతానని చెప్పి రైలెక్కాను.

గుత్తి: గడగడ

గుత్తి కోట కింద ఊరు పొద్దున్నే లేస్తుంది. మాకు పొద్దున ఇడ్లీ ఎలాగో వీళ్లకు ఉగ్గాని అలాగ. బొరుగులు, అంటే మన మరమరాలు, తడిపి, పోపు పెట్టి, పప్పులపొడి చల్లి, పక్కన పొడుగాటి మిరపకాయ బజ్జీలు పెడతారు. ముప్పై రూపాయలు. మిరపకాయల సంగతి మాకు నేర్పాలా అని నవ్వుకుంటూ ఒకటి కొరికాను. గుంటూరు పరువు కళ్లనీళ్లుగా కారిపోయింది. బండి దగ్గరున్న ఆవిడ ఒక గ్లాసు మజ్జిగ చేతిలో పెట్టింది. దానికి డబ్బు ఇస్తానంటే, "మజ్జిగకు దుడ్లేందమ్మా, తాగు" అంది. దుడ్లంటే డబ్బులని అర్థమయ్యేందుకు నాకు ఒక నిమిషం పట్టింది. తెలుగులోనే నా పరిస్థితి ఇది.

బడిలో ఆరో తరగతికి తీసుకెళ్లారు. సారు పేరు ప్రభాకర్. కష్టపడి పనిచేసే మనిషి, అందులో సందేహం లేదు. ఆయన ఒక వాక్యం చదువుతారు, పిల్లలంతా ఒక్క గొంతుతో అంటారు. ఆయన ఇంకో వాక్యం, మళ్లీ ఒక్క గొంతు. రేకుల కప్పు అదిరిపోతోంది. పాఠం చివరికి వచ్చేసరికి సారు ఊరుకున్నా పిల్లలే పుస్తకం చూడకుండా చెప్పేస్తున్నారు. మా కృష్ణాతీరం బళ్లలోనూ ఇదే పద్ధతి, కాకపోతే మావాళ్లు కాస్త మెల్లగా అరుస్తారు.

తర్వాత నా పరీక్ష పెట్టాను. కొత్త కథ ఇచ్చి, ఒక్కొక్కరినీ పిలిచి, నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదువుతారో లెక్కపెట్టడం. ఇలాంటి పరీక్ష చాలాచోట్ల వాడతారు, నేనూ ఏళ్ల తరబడి వాడాను. ఒక పిల్ల గడువు తీరకముందే పేజీ ముగించేసింది. ముచ్చటేసి, "కథలో ఏం జరిగిందమ్మా?" అని అడిగాను. ఆ పిల్ల నా వైపు కాక సారు వైపు చూసింది.

"మీనింగులు బోర్డు మీద రాసిస్తాను మేడం, రాసుకుంటారు," అన్నారు ప్రభాకర్ సారు. "ముందు చదవడం రానీండి. ఇండ్లల్లో వాళ్లు అడిగేది అదే."

ఆయన చెప్పింది నిజమని గేటు దగ్గరే తెలిసింది. ఆ పిల్లను తీసుకుపోవడానికి వచ్చిన తల్లి, సిమెంటు పనిలో నుంచి అట్లాగే వచ్చినట్టుంది, చేతులకు తెల్లటి మరకలున్నాయి, నన్ను ఆపి అడిగింది.

"ఎట్ల సదివిందమ్మా మా పాప?"

"బాగా చదివింది."

"గడగడ సదివిందా?"

"గడగడ చదివింది."

ఆవిడ ముఖం విప్పారింది. ఆ మాట కోసమే రోజంతా ఇటుకలు మోసినట్టుంది. నేను కూడా కాగితం మీద మంచి అంకె వేసుకుని బస్సెక్కాను.

బెళుగుప్ప: చింతగింజలు

అనంతపురంలో బస్సు మారి, కళ్యాణదుర్గం మీదుగా పడమరకు పోతుంటే నేల ఎర్రబడుతుంది. కోసేసిన వేరుశనగ చేలు, వీళ్ల మాటలో చెనక్కాయ చేలు, బోడిగా పడి ఉన్నాయి. గుట్టల మీద గాలిమరలు తాపీగా తిరుగుతున్నాయి. వాన రాని నేల మీద గాలి మాత్రం ఉచితంగా దొరుకుతున్నట్టుంది. నేను తెలివిగా కిటికీ పక్కన కూర్చున్నానని మురిసిపోయాను కానీ అది ఎండ పడే వైపు. దిగేసరికి ఒక చెంప మాత్రం కమిలింది. అవతలి వరస సీటులోని పెద్దాయన దారంతా నవ్వు ఆపుకుని చివరికి అన్నాడు, "ఈ బస్సులో ఆ పక్క ఎవురూ కూచోరమ్మా. నువ్వు కూచుంటివని నేనేం చెప్పల్యా."

బెళుగుప్ప బడిలో టీచరు నాగరత్న. రాయదుర్గం వైపు మనిషి, ఇంట్లో మాట కన్నడం. తెలుగు ఆమెకు రెండో భాష, ఇంగ్లీషు మూడోది. ఆమె తరగతిలోకి వెళ్తే నిశ్శబ్దం. పిల్లలు ఎవరి పుస్తకం వాళ్లు కళ్లతో చదువుకుంటున్నారు. ప్రతి పిల్లవాడి పక్కనా చిన్న చింతగింజల కుప్ప. తెలియని మాట కనబడితే దాని మీద ఒక గింజ పెడతారు. పాఠమయ్యాక ఒకరి పుస్తకంలోకి ఒకరు తొంగిచూసి, నీకు గింజ పడిన చోట నాకు తెలుసు, నాకు పడిన చోట నీకు తెలుసు అని మాట్లాడుకుంటారు. ఎవరికీ తెలియనివి టీచరు దగ్గరకు వస్తాయి.

"గింజలు ఎక్కువ పెట్టిన పిల్లలు చిన్నబోరా?" అన్నాను.

"మొదట్లో చిన్నబోతాండ్రి మేడం. ఒక్క గింజ గూడా పెట్టకుండా కూచునేవాళ్లు. అప్పుడు నేనే నా పుస్తకంలో గింజలు పెట్టుకొని చూపించినా. టీచరుకే ఇన్ని గింజలా అని నవ్విరి. ఆ పొద్దు నుంచి పెడతాండారు."

ఆ తరగతిలో నా పరీక్ష పెడితే అంకెలు తక్కువ వచ్చాయి. పిల్లలు మధ్యలో ఆగిపోతున్నారు, వెనక్కి వెళ్తున్నారు, "ఇది తెలీలే మేడం" అని నా ముఖం మీదే చెబుతున్నారు. కానీ కథలో ఏం జరిగిందని అడిగితే వాళ్ల తెలుగులో చేతులు తిప్పుతూ చెప్పారు, అందులో దొంగను నేను అడగకముందే పట్టేశారు. నా కాగితం ప్రకారం గుత్తి పిల్లలు గెలిచారు. ఆ కాగితాన్ని చూస్తూ కూర్చుంటే నాకు చిరాకు వేసింది, ఎవరి మీదో తెలియలేదు.

మధ్యాహ్నం నాగరత్న ఇంట్లో రాగిసంగటి పెట్టారు. పళ్లెంలో వేడి ముద్ద, మధ్యలో గుంట చేసి నెయ్యి, పక్కన ఊరిబిండి అనే వేరుశనగల పచ్చడి. నేను అలవాటు కొద్దీ నమలబోయాను. నాగరత్న అత్తగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. "నమలగూడదమ్మా, మింగాల." ఎట్లా మింగాలో రెండుసార్లు చేసి చూపించింది. నేను మూడోసారికి నేర్చుకున్నాను. పల్లెత్తు మాట అనకుండా నేర్పే టీచర్లలో ఆవిడకు నేను మంచి మార్కులే వేస్తాను.

వచ్చేముందు నాగరత్న గుప్పెడు చింతగింజలు కాగితంలో పొట్లం కట్టి ఇచ్చింది. తెనాలిలో చింతగింజలకు కరువా అని అడగలేదు, పుచ్చుకున్నాను.

ముదిగుబ్బ: ఎస్తేరు చెప్పింది

శనివారం ముదిగుబ్బ బస్టాండులో ఎస్తేరు స్కూటరుతో నిలబడి ఉంది. చిక్కిపోయింది. టీ కొట్టు బల్ల మీద కూర్చోబెట్టి అప్పుడు చెప్పింది.

మంజుల వాళ్లది గొర్రెల కాపరుల ఇల్లు. తండ్రి బీరప్ప, తల్లి నాగమ్మ, ఒక ముసలి అవ్వ. ఇంట్లో అక్షరం వచ్చినది మంజుల ఒక్కతే. ఏడో తరగతి. ఊళ్లో ఎవరికి ఇంగ్లీషులో కాగితం వచ్చినా, మాత్రల అట్ట తెచ్చినా, మంజులను పిలిచి చదవమంటారు. ఆమె గడగడ చదువుతుంది. వాళ్లు తలూపుతారు. చదివింది కనుక ఆమెకు తెలుసని వాళ్ల నమ్మకం.

ఒకనాడు బీరప్ప కదిరి సంతకు పోయి రెండు మందులు తెచ్చాడు. ఒకటి కడుపులో పురుగులు పోవడానికి గొర్రెపిల్లలకు నోట్లో పోసి తాపే నట్టల మందు. ఇంకోటి పిడుదులు రాలిపోవడానికి నీళ్లలో కలిపి ఒంటికి పూసేది. రెండూ ఒకే రకం సీసాలు, రెంటి మీదా ఇంగ్లీషే. దారిలో ఏది ఏదో మరచిపోయాడు. కూతురి చేతికిచ్చి, ఏది తాపేదో చెప్పమన్నాడు. మంజుల రెండు సీసాల మీదున్నదీ పై నుంచి కింది దాకా చదివింది. ఇరుగుపొరుగు వచ్చి విన్నారు. చివరికి ఒక సీసా చూపించింది.

"తప్పు సీసా మేడం," అంది ఎస్తేరు. "పిల్లలన్నీ సాయంత్రానికి పోయినాయి. ఒక్కటి గూడా మిగల్లే. ఈ ఏడాది ఈనినవన్నీ."

టీ చల్లారిపోయింది. నేనే అడిగాను, "తండ్రి కొట్టాడా?"

"కొట్టలే. తిట్టలే. 'సదివినావు కదమ్మా' అన్న్యాడంట, అంతే. కొట్టింటే బాగుండు."

ఎస్తేరు గ్లాసు పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "అంత స్పీడుగా సదివే దాన్ని నేనే తయారు చేసినా మేడం. ప్రైజు గూడా ఇచ్చినా. ఒక్క పొద్దు గూడా నీకు దీంట్లో ఏం తెలిసింది అని అడగలే."

ఆ స్పీడును ఎలా కొలవాలో ఎస్తేరుకు నేర్పింది నేను. ఆ మాట ఆమె అనలేదు, నేనూ అనలేదు. ఇద్దరం స్కూటరెక్కాం.

బడి మధ్యాహ్నం దాకా ఉంది. ఎస్తేరు తరగతిలో నాగరత్న ఇచ్చిన గింజలు పంచి, పద్ధతి చెప్పాం. పిల్లలకు ఆటలా ఉంది, కాసేపటికే గింజలు చాలక గులకరాళ్లు ఏరుకొచ్చారు. మంజుల కిటికీ పక్కన కూర్చుని ఉంది. సన్నటి పిల్ల, నూనె రాసి బిగించిన రెండు జడలు. పుస్తకం మూసే ఉంది. నేను పక్కన కూర్చుని, "తెలియని వాటి మీద పెట్టు చాలు, చదవక్కర్లేదు," అన్నాను. గింజలు గుప్పిట్లో పట్టుకుంది. గంట కొట్టేదాకా అలాగే పట్టుకుని, బయటికి పోయేటప్పుడు బల్ల మీద పెట్టి వెళ్లింది. ఆదివారం ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం నాకు తెనాలి వెళ్లిపోదామనిపించింది. పెద్ద చదువులు చదివి ఒక పిల్లచేత పుస్తకం తెరిపించలేని దాన్ని ఇక్కడ ఉండి ఏం చేస్తానని అనిపించింది.

దొడ్డి దగ్గర

ఆదివారం ఎస్తేరు ప్రార్థన ముగించుకుని వచ్చింది. ఇద్దరం ఊరి బయట గొర్రెల దొడ్డికి నడిచాం. కంపతో కట్టిన దడి, లోపల గొర్రెలు, గాటుగా ఉన్ని వాసన. మరుసటి రోజు ప్రయాణం కనుక బీరప్ప కాళ్లు కుంటే గొర్రెలను ఏరి పక్కన పెడుతున్నాడు. నాగమ్మ మూటలు కడుతోంది. మంజుల నీళ్ల తొట్టి దగ్గర ఉంది, మమ్మల్ని చూసి తల దించుకుంది.

వీళ్ల ప్రయాణం మా వైపు వాళ్లకు తెలియదు కనుక చెప్పాలి. ఎండాకాలం మొదలవుతూనే ఇక్కడ మేత ఉండదు. మందను తోలుకుని రోజుల తరబడి నడిచి కాలువల కింది ఊళ్లకు పోతారు. అక్కడి రైతులు కోసిన వరి మళ్లలో మందను రాత్రి పడుకోబెట్టించుకుంటారు. గొర్రెల ఎరువుకు ప్రతిఫలంగా తిండిగింజలో డబ్బో ఇస్తారు. వానలు పడ్డాకే తిరిగి రావడం. మా ఇంటి వెనక పొలంలో చిన్నప్పుడు ఇలా ఆగిన మందలు చూశాను. అవి ఎక్కణ్ణుంచి వస్తాయో ఎవరినీ అడిగిన గుర్తు లేదు.

ఎస్తేరు సూటిగా వెళ్లి బీరప్ప ముందు నిలబడింది.

"అన్నా, తప్పు పాపది కాదు. నాది. సదివేది నేర్పినా, తెలీకపోతే తెలీదని చెప్పేది నేర్పలే. ఆమెను నిలిపిపో."

బీరప్ప గొర్రె కాలి గిట్ట చూస్తూనే జవాబు చెప్పాడు. "నీ ఇంగ్లీషు నా పిల్లల్ని సంపింది మేడమ్మా. ఇంక ఏం నిలిపిపోయేది? గొర్రెల ఎనకాల పోతే కడుపన్నా నిండుతాది."

"ఒక్క తప్పుకు—"

"ఒక్క తప్పా?" అతను లేచి నిలబడ్డాడు. గొంతు పెంచలేదు. "ఈ గొర్రెలు నాకు తప్ప ఎవురికి లెక్క?"

బీరప్ప అప్పుడు నన్ను చూశాడు.

"ఈమె ఎవురు?"

"మా మేడం అన్నా. నాకు సదువు చెప్పిన మేడం. ఇంగ్లీషులో పెద్ద డాక్టరేటు."

అతను దడికి వేలాడుతున్న సంచీలోంచి కొత్త సీసా ఒకటి తీసి నాకిచ్చాడు. "నట్టల మందంట. దారికి తెచ్చినా. నా మందలో సూడివి శానా ఉండాయి. సూడి గొర్రెకు తాపొచ్చునా కూడదా? సదివి చెప్పు."

సీసా తీసుకుని కళ్లజోడు పెట్టుకున్నాను. అక్షరాలు చీమల్లా ఉన్నాయి. మందు పేరు, ఒంటి బరువును బట్టి ఎంత తాపాలో, ఎక్కడ దాచాలో అన్నీ చదివాను. అది తాపే మందేనని తెలిసింది. చూడి పశువుల గురించి ఒక వాక్యం ఉంది. మాటలన్నీ నోటికి పలుకుతున్నాయి. గర్భం మొదటి రోజుల గురించి ఏదో హెచ్చరిక, మధ్యలో ఒక వైద్యం మాట, దాని అర్థం నాకు తెలియదు. ఈయన గొర్రెలు ఎన్ని నెలల చూడివో అసలే తెలియదు.

అందరూ నా నోటివైపు చూస్తున్నారు. బీరప్ప, నాగమ్మ, పక్క దొడ్డివాళ్లు ఇద్దరు, ఎస్తేరు. ఎస్తేరు చూపులో గర్వం ఉంది, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. నిజం చెబుతున్నాను, "తాపొచ్చు, కాస్త తక్కువ తాపండి" అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత చదువుకుని, ఇంత దూరం వచ్చి, అంతమంది ముందు ఇంకేమని చెప్పను? ఆ పిల్ల ఆ రోజు ఎక్కడ నిలబడిందో అప్పుడు తెలిసింది.

"నాకు తెలియదు," అన్నాను. "తాపే మందే. అది తెలిసింది. చూడి గొర్రెలకు పనికొస్తుందో లేదో నాకు తెలియడం లేదు. పశువుల డాక్టరును అడగాలి."

పక్క దొడ్డి మనిషి ఒకడు కిసుక్కున నవ్వాడు. బీరప్ప నవ్వలేదు. నీళ్ల తొట్టి దగ్గర చెంబు కింద పడిన చప్పుడైంది. మంజుల మా దగ్గరికి వచ్చింది.

"మేడం, మీకు గూడా తెలీదా?"

ఆ పిల్ల గొంతు నేను వినడం అదే మొదలు.

"తెలీదమ్మా."

"చదివితిరి కదా?"

"చదివాను. చదివినంత మాత్రాన అంతా తెలియదు."

ఆమె సీసాను నా చేతిలోంచి తీసుకుంది. చాలాసేపు చూసింది. వేలు పెట్టి, "ఇది తెలుసు. పిల్లలకు అందకుండా పెట్టాల," అంది. వేలు కిందికి జరిపింది. "ఇది తెలీదు. ఇది తెలీదు. ఇది... కదిలించి తాపాల. ఇది తెలీదు."

బీరప్ప ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఆ పొద్దు ఈ మాట చెప్పింటే నేను కొట్టేవాణ్ణా అమ్మా?"

"అందురూ ఇంటాండిరి నాయనా. గడగడ సదివేస్తి. సదివినంక తెలీదని ఎట్ల చెప్పేది?"

అని భోరుమంది. నెలరోజులుగా ఆపుకున్న ఏడుపు. నాగమ్మ మూట వదిలేసి వచ్చి పిల్లను ఒళ్లోకి లాక్కుంది, తనూ ఏడ్చింది. బీరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ గొర్రెల్లోకి వెళ్లిపోయాడు. నాకు కూడా కళ్లజోడు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. ఎస్తేరు కాస్త దూరం పోయి, తనకు తెలిసిన పశువుల డాక్టరుకు ఫోన్ చేసి చూడి గొర్రెల సంగతి అడిగింది. ఇప్పుడే తాపవద్దని, దారిలో ఏదైనా పశువుల ఆసుపత్రిలో చూపించమని ఆయన చెప్పాడు. బీరప్ప విని తల ఊపాడు. పాప సంగతి మాత్రం ఏమీ చెప్పలేదు. మేమూ అడగలేదు.

సోమవారం

తెల్లవారి వెళ్లేసరికి మంద రోడ్డు మీద ఉంది. గాడిద మీద మూటలు, రాత్రిళ్లు మంద చుట్టూ కట్టే వలలు, వంటపాత్రలు. మంజుల కూడా చేతిలో కర్రతో నిలబడి ఉంది. చూడగానే నా ప్రాణం ఉసూరుమంది. ఎస్తేరు నా చెయ్యి పట్టుకుంది.

బీరప్ప లెక్క చూసుకుని, మందను కదిలించి, కూతురి దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో కర్ర తీసుకున్నాడు.

"అవ్వ దగ్గర ఉండు," అన్నాడు.

నాగమ్మ తిరిగి చూసింది. "దోవలో గొర్రెలు ఈనుతాయి. పిల్లల్ని ఎవురు ఎత్తుకొనేది? నా చేతులు రెండే."

"నేను ఎత్తుకుంటా."

"మందను ఎవురు తోలేది?"

"తోలుతా లేవే. నడువు," అన్నాడు. నాగమ్మ కూతురి జడలు ఒకసారి సర్ది, కొంగుతో కళ్లద్దుకుని నడిచింది. ఆమె చెప్పింది అబద్ధం కాదు. రెండు చేతుల పని తక్కువైతే ఆ నడకలో ఎంత కష్టమో ఆమెకే తెలుసు. చదువు నిలబడిందని మాకు సంతోషం, ఆ భారం మోసేది మాత్రం ఆమె.

బీరప్ప జేబులోంచి ఫోను తీసి మంజులకు చూపించాడు. "దోవలో ఏ మందు కొన్న్యా ఫోటో తీసి మీ మేడమ్మకు పంపిస్తా. నువ్వు సూడు. తెలిస్తే తెలుసని చెప్పు, తెలీకుంటే తెలీదని చెప్పు. రెండూ నాకు పనికొస్తాయి."

మంజుల తల ఊపింది. మంద లేపిన ఎర్ర దుమ్ము సద్దుమణిగేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఎస్తేరు స్కూటరు వెనక ఎక్కి బడికి పోయింది. నేను కదిరి బస్సెక్కాను. ఈసారి ఎండ పడని వైపు ఎవరు కూర్చున్నారో చూసి వాళ్ల పక్కన కూర్చున్నాను.

ఇంటికొచ్చాక ఆడపడుచు అడిగింది, ఏం చూశావని. గొర్రెలు చూశానన్నాను. చూడటానికి గొర్రెల దాకా పోవాలా అని నవ్వింది.

కొన్ని వారాలకు ఎస్తేరు ఫోనుకు బీరప్ప పంపినవీ, మంజుల జవాబులూ నాకూ వచ్చాయి. ఒక మందు సీసా ఫోటో, వెనక వరి కొయ్యకాళ్లు. దాని కింద మంజుల గొంతు. ఆగి ఆగి, మధ్యలో ఊపిరి తీసుకుంటూ మాట్లాడింది. గడగడ లేదు.

"నాయనా, ఇది పైన పూసేది. తాపగూడదు. అది బాగా తెలిసింది. ఎన్ని నీళ్లు కలపాల్నో రాసినారు, ఆడ నాకు తెలీలే. మేడమ్మకు గూడా తెలీలేదంట. ఆడ డాక్టరు ఉంటే అడుగు."

దాని కింద బీరప్ప గొంతు. వెనక గొర్రెలు అరుస్తున్నాయి, ఎవరో మందను అదిలిస్తున్నారు.

"సరే తల్లీ. మూత గూడా తీయలే. నీ మాట కోసరమే నిలిపినా."